పద్మ పేరు పక్కన పీపీ

"టీవీ డాన్సు అనేది ఈ ఊళ్లో నా దుకాణం మెట్ల మీదే పుట్టింది. పద్మను తెర మీదికి ఎక్కించింది నేనే."

నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు పొద్దున్నే నడకకు వచ్చే ముసలివాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెంచాను. ఒకసారి ఆమెకు మొదటి అడుగు నేర్పింది కూడా నేనే అన్నాను. నాకు డాన్సు రాదు. బారాత్‌లో బ్యాండు మోగినా చేతులు కట్టుకుని నిలబడే మనిషిని. ఈ గొప్పల కింద పాతికేళ్లుగా ఒక బరువు దాచాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. చెప్పి తీరతాను, ఈసారి పెంచకుండా.

ఆబిడ్స్ వెనక సందులో నాకు డాన్సు డ్రెస్సులు కిరాయికి ఇచ్చే దుకాణం ఉండేది. పద్మ (అసలు పేరు ఇది కాదు) తల్లితో పాటు నా పైగదిలో ఉండేది. తల్లి నల్లగొండ వైపు నుంచి కూలికి వచ్చి, ఒక బడిలో ఆయాగా కుదురుకుంది. ఆ పిల్ల వారం వారం వచ్చే ఒక టీవీ వినోద కార్యక్రమంలో వెనక వరుసలో ఆడేది. వెనక వరుస అంటే ఏమిటో డ్రెస్సులు ఇచ్చేవాడికి తెలుస్తుంది. ముందు వరుస లంగాలకు అంచు దాకా చమ్కీ కుట్టిస్తారు. వెనక వరుసకు నడుము పైనే. కింద కెమెరాకు కనబడదు కదా! ఆ పిల్లలను వంతుల మీద పిలుస్తారు కూడా. ఒక వారం ఉంటే ఇంకో వారం ఉండదు. పద్మ మూడేళ్లు ఆ సగం మెరుపు లంగాల్లోనే ఆడింది.

అప్పటికి మన చేతుల్లోకి సెల్‌ఫోన్లు రాలేదు. టీవీ వాళ్ల కాగితాల్లో పద్మ పేరు ఎదుట నా దుకాణం నంబరు ఉండేది, దాని పక్కన 'పీపీ' అని రెండక్షరాలు. అంటే ఇది పక్కింటి ఫోను, ఎత్తినవాళ్లు మనిషిని పిలిచి ఇస్తారని.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కార్యక్రమం మేనేజరు. ముందు వరుసలో నడిమి అమ్మాయికి కాలు బెణికింది, ఎల్లుండి షూటింగుకు ఆ చోట పద్మ నిలబడాలి, బాగా చేస్తే ఇక ఆ చోటు ఆమెదే అన్నాడు. ఆ ఎల్లుండే బేగం బజార్ సేఠ్ ఇంట్లో పెళ్లి. అక్కడ 'టీవీ పద్మ' ఆడుతుందని నేను వాళ్ల బంధువులందరి ముందూ మీసం మెలేసి మాటిచ్చి వచ్చాను. పైన ఆమె అడుగులు సాధన చేస్తున్న చప్పుడు సరిగ్గా నా నెత్తి మీద వినబడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు.

"ఊరికి పోయింది సార్. పది దినాల దాకా రాదు" అన్నాను.

ఎందుకన్నాను? సేఠ్ ముందు మాట పోతుందనా? అంతేనా? ఆమె ముందు వరుసకు వెళితే ఇక నేను కుదిర్చే పెళ్లిళ్లలో ఆడటానికి రాదని, నలుగురిలో 'మా పద్మ' అని చెప్పుకునే వీలు పోతుందని, ఆ భయం కూడా లోపల ఎక్కడో నక్కి ఉంది. ఆమె టీవీలో కనబడటం వల్లే నాకు గొప్ప, నేను ఆ టీవీకే అడ్డం పడ్డాను. కూర్చున్న కొమ్మను నరికాను. పడింది మాత్రం ఆమె.

సాయంత్రం మెట్లు దిగి వచ్చింది.

"కాకా, నాకేమన్న ఫోనొచ్చిందా?"

"లేదు బిడ్డా. ఎవలు జేస్తరు?"

"ఏం లే. ఊకనే అడిగిన."

అంతే. ఆమెతో ఒక్కసారే అబద్ధమాడాను.

పెళ్లిలో బ్రహ్మాండంగా ఆడింది. టీవీలో ఆ చోటుకు ఇంకో అమ్మాయి వచ్చింది. తర్వాత ఆ అమ్మాయి ముఖం చీరల దుకాణాల బోర్డుల మీద చూశాను. పద్మ ఇంకో రెండేళ్లు వెనకే ఆడి, మోకాలు నొప్పితో మానేసింది. ఇప్పుడు గన్‌ఫౌండ్రీలో ఒక మేడ మీద పిల్లలకు డాన్సు నేర్పుతోంది.

అచ్చుకు ఇచ్చే ముందు దీన్ని ఆమె చదవాలని పట్టుబట్టాను, నాతో నేనే. క్షమించమనడానికి కాదు. ఈ వయసులో అది కూడా ఒక వేషమే అవుతుంది. నిన్న రెండంతస్తులు ఆగి ఆగి ఎక్కి, ఇక్కడి దాకా రాసిన కాగితాలు చేతికిచ్చాను. పిల్లలను కూర్చోమని, కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివింది. ఆమె కళ్లు ఒక్కో పంక్తి దాటుతుంటే నా గుండె మీది రాయి నిజంగానే కాస్త జరిగింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

చదివి, కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది.

"ఊరికి పోయిందన్నవని నాకు మళ్ల వారమే ఎరుకైంది కాకా. గిది కొత్త ముచ్చట గాదు. గని ఒక్కసారే అని రాసినవేంది? ఆ పిల్ల కాలు బెణికిన్నాడే ఫోన్ జేస్తనని మేనేజర్ నాకు చెప్పిండు. మూడుసార్లు అడిగిన నిన్ను. జర నేనే పోయి కనుక్కొనొస్త అంటే, పిలువని పేరంటానికి పోతే చులకనైతవని చెయ్యి పట్టి కూసోబెట్టినవ్. గది రాయలే నువ్వు. గది రాయి."