జాబితాలో లేని ‘వస్తాందా’

శామీర్‌పేట, అల్వాల్ మధ్య తిరిగే బస్సు ఎప్పుడొస్తుందో ఊహించి చెప్పే ప్రోగ్రామొకటి నేనూ, లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉండే నా దోస్తూ కలిసి రాశాం. పేరు ‘వస్తాందా’. చాలాసార్లు అది ‘రాదు’ అనేది. చాలాసార్లు అదే నిజమయ్యేది. మా ఇద్దరి చదువులోంచి బయటికొచ్చిన వాటిలో నిజం చెప్పింది అదొక్కటే.

దాని కోడు దోస్తు ఖాతాలోని రిపాజిటరీలో ఉండేది. మేం రాసిందీ, కొట్టేసిందీ అంతా భద్రంగా దాచే చోటది. అందులో నేను కొలాబరేటర్‌ని. అంటే ఏందని చెరువులో చేపలు పట్టే మా నాయిన అడిగితే, నాకూ అందులో రాసే హక్కుందని చెప్పాను.

“అంటే పాలోనివి. వలల పడ్డదాంట్ల నీకింత పాలు.”

“అంతే నాయినా. వలల ఏం పడలే, గంతే.”

తరవాత అల్వాల్‌లో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. కోడు దాచుకునేవాళ్ల కోసం వాళ్లు రెండు సాఫ్ట్‌వేర్లు చేస్తారు. ఒకటి కంప్యూటర్లో విడిగా తెరుచుకుంటుంది. ఇంకొకటి కోడు రాసే ఎడిటర్లోనే ఇమిడి ఉంటుంది. మనం కొలాబరేటర్‌గా ఉన్న రిపాజిటరీల జాబితా రెండింటిలోనూ ఒకేలా కనిపించాలి. కనిపించడం లేదు. దాన్ని బాగుచేయడం నా పని.

నా సొంత ఖాతాతోనే పరీక్షించాను. విడి సాఫ్ట్‌వేర్లో ‘వస్తాందా’ ఉంది, ఎడిటర్లో లేదు. తప్పు ఎడిటర్‌దేనని తీర్మానించేసి, దాని కోడంతా విప్పి చూశాను. తప్పులకేం, బోలెడు దొరికాయి. నాకు కావాల్సిన తప్పు మాత్రం దొరకలేదు. ఆఫీసులో నా పని చూసే సీనియర్ అక్క చివరికి వచ్చి వెనక నిలబడింది.

“సర్వర్‌ను అడిగినవా?”

“దాన్నేం అడుగుడక్కా? నా దోస్తు, నా రిపాజిటరీ. నాకు తెల్వదా?”

“అడుగు ముందుగాల.”

అడిగాను. అసలు లెక్కంతా ఉండే ఆ సర్వర్ పంపిన జాబితాలో ‘వస్తాందా’ లేదు. ఎడిటర్ చెప్పేదే నిజం. విడి సాఫ్ట్‌వేర్ ఎప్పుడో దాచుకున్న పాత జాబితా చూపిస్తూ నా పరువు కాపాడుతోంది.

దోస్తుకు ఫోన్ చేశాను. వాళ్లకు భూములున్నాయి. వాళ్ల బాపు ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నాడు. ‘వస్తాందా’ను తమ వెంచర్ యాప్‌లో పెట్టుకుంటామని, అందులోంచి ‘రాదు’ తీసెయ్యాలని దోస్తు ఆ మధ్య అడిగితే నేను కుదరదన్నాను.

“అరేయ్, నన్ను తీసేసినవా?”

“చెప్దామనే అనుకున్న రా. బాపు మస్తు పరేషాన్ జేసిండు. యాప్‌ల పెట్టేసినం గూడ. ‘రాదు’ అని సూపెడితే ప్లాట్ ఎవడు కొంటడు?”

“మరి బస్సు రాకపోతే?”

“గది బస్సోళ్ల లొల్లి. మనకేంది? మనం దోస్తులమే గద రా.”

“అది ఏ జాబితాల సూపిస్తాంది?”

ఫోన్ పెట్టేశాడు.

పని మిగిలే ఉంది. పాత జాబితాను దాచే వరసలు కొట్టేసి, రెండు సాఫ్ట్‌వేర్లూ సర్వర్ నుంచి ఒకే జాబితా తీసుకునేలా మార్చాను. మళ్లీ తెరిచాను. ‘వస్తాందా’ ఎడిటర్లో లేదు, విడి సాఫ్ట్‌వేర్లోనూ లేదు.

“మస్తుగైంది. రెండిట్ల ఒక్క తీరుగనే సూపిస్తాంది,” అంది అక్క. ఆ ఆఫీసులో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది.

సాయంత్రం స్టాపులో ఆ వెంచర్ యాప్ తెరిచి శామీర్‌పేట బస్సు గురించి అడిగాను. ఐదు నిమిషాల్లో వస్తుందంది. కొంతసేపటికి మళ్లీ అడిగాను. ఐదు నిమిషాలే అంది. వీధి దీపాలు వెలిగాక అడిగినా అదే మాట. దాన్ని ఏ ఫైలులో, ఏ వరసలో దిద్దాలో నాకు తెలుసు. దిద్దే హక్కు లేదు.

బెంచీ మీద సంచి పెట్టుకుని కూర్చున్న అవ్వ ఒకామె నా ఫోన్ వైపు చూసింది.

“వస్తాందా బిడ్డా?”

“ఫోన్ల వస్తాంది అవ్వా.”

ఆమె సంచి ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది.