సత్రపట్టికి పంపిన మురుకులు

నన్ను ఊరు మరిచిపోయిందని ఈమధ్య ఒకరు జాలిపడ్డారు. మరిచిపోవాలంటే ముందు తెలిసి ఉండాలి గదా. రాజపాళయంలో నా నాటకం ఆడింది ఒక్కసారి, అదీ పత్తి గోడౌన్‌లో. నోటీసులో రచయిత పేరుండాల్సిన చోట "ఒక కుటుంబ స్త్రీ" అని అచ్చువేశారు. ఊళ్లో మిగతా ఆడవాళ్లూ కుటుంబ స్త్రీలే కాబట్టి గుర్తుపట్టడం కొంచెం కష్టమైంది.

అవి పంతొమ్మిది వందల ముప్పైల చివరి రోజులు. మద్రాసులో కాలేజీ ముగించి ఇంట్లో కూర్చున్నాను. నన్ను చదివించమని నాన్నతో పోట్లాడింది అన్న. నేను రాసిన ప్రతి రంగం మొదట వినేదీ ఆయనే. ఉయ్యాలబల్ల మీద కూర్చుని, నేను చదవడం ఆపగానే "అప్పురం?" అనేవాడు. తర్వాత ఏమైందని ఒకరు అడిగితే రాయకుండా ఎలా ఉంటాం?

ఊరు తమిళనాడులోదైనా, నాటకం మేము ఇళ్లలో మాట్లాడే తెలుగే. రాత మాత్రం తమిళ అక్షరాల్లో, నటులకు తెలుగు చదవడం రాదు గనక. కథ చిన్నది. మిల్లు యజమాని ఇంటి కోడలు, చివర్లో భర్త చేతిలో ఇంటి తాళాలు పెట్టి, టీచరు ఉద్యోగానికి వెళ్లిపోతుంది. "తాళాలు ఇదో. ఇంట్లో ఏముండాదో ఇంక మీరే తీసి చూసుకోండి." ఈ ఒక్క మాట కోసం మిగతా నాటకమంతా రాశాను.

భర్త వేషం అన్నది. కోడలి వేషం సత్రపట్టి స్కూలు మాస్టరుది. అంతదూరం సైకిల్ తొక్కితే ఆయన గొంతు పోతుందని, ఆదివారాల్లో అన్నే అక్కడికి వెళ్లి చివరి అంకం ప్రాక్టీస్ చేయించేవాడు. వెళ్లేటప్పుడల్లా డబ్బా నిండా మురుకులు చేసి ఇచ్చేదాన్ని.

ఆడవాళ్లు దీపాలవేళకు ఇల్లు చేరాలని నాటకం మధ్యాహ్నం పెట్టారు. తెర పక్కన, ఎవరికీ కనబడకుండా, పుస్తకం పట్టుకుని మాటలు అందించడం నా పని. చివరి రంగంలో మాస్టరు తాళాలు తీసి ఆగాడు. మరిచిపోయాడనుకుని మెల్లగా అందించాను. కదల్లేదు. కొంచెం గట్టిగా అందించాను. మూడోసారికి ముందు వరస పెద్దలు కూడా తెర వైపు చూశారు. మాస్టరు నావైపు ఒక్కసారి చూసి, తాళాలు మళ్లీ నడుముకు దోపుకుని, అన్న కాళ్ల మీద పడ్డాడు.

"తప్పు చేసినాను, మన్నించండి."

చప్పట్లు బాగానే వచ్చాయి.

తెర దించాక అన్న నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, అంత గట్టిగా చెప్తివే? అందరికీ వినిపించె."

"మాస్టరు మరిచిపోయినాడనుకొంటిని."

"మరవలేదు. నెల దినాలు ప్రాక్టీస్ చేస్తిమి."

"సత్రపట్టిలోనా?"

అన్న అంటించుకున్న మీసం తీసి, జిగురు గోకాడు. "కోడలు ఇల్లు విడిచిపోయే నాటకానికి గోడౌన్ ఇచ్చేది లేదనిరి పెద్దలు. నీ నాటకం నడవాలనే అట్ల చేస్తిని."

"మురుకులు బాగుండెనా?"

"బాగుండె," అన్నాడు పాపం, నిజాయితీగా.

మరుసటి ఏడాది ఇంకో నాటకం అడిగాడు. "నువ్వు మూడు అంకాలు రాసియ్యి, చాలు. కడసీ అంకం మేము చూసుకొంటాము."

నలభైల్లో ఇంకా నాలుగు నాటకాలు రాశాను, కడసీ అంకాలతో సహా. ఒక్కటీ అన్నకు చదివి వినిపించలేదు. అంటే ఎవరికీ వినిపించలేదన్నమాట. "అప్పురం?" అని అడిగేవాడు ఆయన ఒక్కడే.