కుంకుమ వచ్చిన ఇల్లు

పోయిన వారం మా కోడలు అంగడిలో నా పక్కన కూర్చుని ఫోను నా ముందు పెట్టింది. అందులో కుంకుమ డబ్బాలు, పసుపు పొట్లాలు, స్టిక్కరు బొట్ల అట్టలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కిందా నక్షత్రాలు. ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న హోల్‌సేలు వాళ్ళు, మనం వేలు ఆనిస్తే చాలు, నాలుగో రోజుకల్లా మదురైలో మా గడప దగ్గర సరుకు దించుతారట. "నాలుగున్నర నక్షత్రాలు అత్తా, శానా మంది బాగుండాదని రాసుండారు" అంది. నేను ఫోను చేతిలోకి తీసుకుని, ఆ డబ్బాల్ని కాకుండా, వాటిని చేసేవాళ్ళ ఇంటి ఆడమనిషి ఎవరైనా ఆ బొమ్మల్లో కనిపిస్తుందేమోనని వెతికాను. కోడలు నా ముఖంలోకి వింతగా చూసింది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలంటే పదిహేనేళ్ళ కిందటి సంగతి చెప్పాలి. అది నేను ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది గాజులు, పసుపు కుంకుమలు, కర్పూరం, ఊదుబత్తులు అమ్మే చిన్న అంగడి. గుడికి పోయే దారిలో ఒక సందులో ఉంది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో నిలబడాల్సిందే. మా పెద్దలు ఎన్ని తరాల కిందట తెలుగు సీమ వదిలి ఈ ఊరొచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మా అత్తకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, చదువంతా అరవమే, కానీ కోపమొస్తే మాత్రం తెలుగు తప్ప ఇంకో భాష వచ్చేది కాదు. మా ఆయన మిల్లు ఉద్యోగానికి పోయేవాడు. అంగడి నడిపింది మొదట మా అత్త, తరవాత ఆమె పక్కన కూర్చుని నేను. సరుకు ఎవరి దగ్గర కొనాలి అన్న విషయంలో మా అత్తది ఒక విచిత్రమైన పద్ధతి. కొత్తగా ఎవరైనా కుంకుమ తెచ్చిస్తే ముందు చిటికెడు గాజుగ్లాసు నీళ్ళలో వేసేది. తరవాత తెల్ల గుడ్డకి రాసి ఉతికేది. తరవాత తన మణికట్టు మీద రాసుకుని వారం రోజులు అలాగే తిరిగేది. అన్నీ అయ్యాక అసలు పరీక్ష. చెప్పాపెట్టకుండా బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయి, వాళ్ళింటి ముందు నిలబడి, దాహమేస్తోంది, కాసిని నీళ్ళివ్వండి అని అడిగేది. ఆమెకి జీవితంలో వేసినంత దాహం ఇంకెవరికీ వేసి ఉండదు. నీళ్ళు తెచ్చిన ఆడమనిషి నుదుటి మీద ఏముందో చూడడం ఆమె పని. తాము చేసిన కుంకుమనే పెట్టుకుని ఉంటే ఆ ఇంటి సరుకు మా అంగడికి వచ్చేది. లేకపోతే నీళ్ళు తాగి, ఆశీర్వదించి, తిరుగుబస్సు ఎక్కేది. ఒకసారి ఒక గాజుల వ్యాపారి భార్య చేతికి ప్లాస్టిక్ గాజులున్నాయని, ఎంతో బతిమాలినా ఆయన సరుకు ఒక్క డజను కూడా దింపనివ్వలేదు. నేను నవ్వేదాన్ని. చదువుకున్న నాకు, ఇంకొకరింటి వాకిట్లో దాహం నటించడం చిన్నతనంగా అనిపించేది.

మాకు చాలా ఏళ్ళు కుంకుమ ఇచ్చింది ఒక ముసలాయన. పసుపుకొమ్ముల్ని నిమ్మరసంలో, వెలిగారంలో నానబెట్టి, ఎండబెట్టి, దంచి చేసేవాడు. ఆ రంగు ఇటుకపొడిలా కాస్త మసకగా ఉండేది. మా అత్తకి కంటిచూపు మందగించి అంగడి నా చేతికి వచ్చేసరికి, ఎదుటి సందులో కొత్త అంగళ్ళు లేచాయి. వాళ్ళ కుంకుమ దూరం నుంచే మెరిసేది. వచ్చినవాళ్ళు మా డబ్బా మూత తీసి చూసి, ఇంకా ఎర్రగా లేదా అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడే ఒక ఏజెంటు వచ్చాడు. మర్యాదస్తుడు. అక్కా అని పిలిచి, చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. డబ్బా మీద అమ్మవారి బొమ్మ, లోపల దానిమ్మగింజలాంటి ఎరుపు. పరీక్ష చేయించామని ఒక కాగితం కూడా చూపించాడు, దాని మీద గుండ్రటి ముద్ర ఉంది. ఆ ముద్రలో ఏం రాసి ఉందో నేను చదవలేదు. ముద్ర ఉంటే చాలనిపించింది.

ఆ సాయంత్రం మా అత్త మంచం దగ్గరికి ఆ కుంకుమ తీసుకుపోయాను. కళ్ళు కనిపించవు కనుక అరచేతిలో వేయించుకుని వాసన చూసింది. "పసుపు వాసన లేదే" అంది. కొత్త పద్ధతిలో చేస్తారత్తా అన్నాను. కాసేపు వేళ్ళతో నలిపి అడిగింది.

"వాళ్ళింటికి పోతివా?"

"పోతి అత్తా."

"వాళ్ళ ఆడోళ్ళు ఏం పెట్టుకొనుండారు?"

"ఇదే పెట్టుకొనుండారు."

ఆమె తలూపి, ఆ చిటికెడు తన నుదుటికి పెట్టమంది. పెట్టాను. నేను వాళ్ళ ఊరు చూడనేలేదు. మూడు నెలలకి ఆమె పోయింది, నా మాట నిజమనుకునే.

మా అంగడి మెట్టు పక్కన ఒకామె మల్లెపూలు అమ్మేది. అందరూ పూలక్క అనేవాళ్ళం. అరవదేశంలోని కంబం వైపు నుంచి వచ్చిన మనిషి, ఆమె ఇంటిమాటా తెలుగే. నాకంటే పదేళ్ళు పెద్దదైనా నన్ను తాయీ, అంటే అమ్మా, అని పిలిచేది. ఆమె మూర మిగతావాళ్ళ మూరకంటే పొడుగు. మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, ఇంకో నాలుగు పూలు వదిలి తుంచేది. నష్టం కాదా అంటే, దేవుడు చెయ్యి పొడుగ్గా ఇచ్చినాడు, నేనేం చేసేది అనేది. మా అత్త ఉన్నప్పటినుంచీ ఒక వాడుక ఉంది, ప్రతి శుక్రవారం ఆమెకి ఒక కుంకుమ పొట్లం ఊరికే ఇవ్వడం. ఆ వాడుక నేనూ తప్పలేదు. కొత్త సరుకు వచ్చాక ఇంకాస్త పెద్ద పొట్లమే కట్టి ఇచ్చాను.

మొదట ఆమె నుదురు దురదగా ఉందని గోకుతూ కనిపించింది. ఎండ అనుకున్నాం. కొన్ని నెలలకి ఒక రోజు ముఖం కడుక్కుని వచ్చినప్పుడు చూశాను. కనుబొమల మధ్య, సరిగ్గా బొట్టు ఉండే చోట, వేలి కొసంత తెల్లటి మచ్చ. అంచులు ఎంత గుండ్రంగా ఉన్నాయంటే, ఎవరో పనిగట్టుకుని తెల్ల బొట్టు దిద్దినట్టుంది. నేను చూడడం చూసి ఆమె పొట్లం విప్పి దాని మీద గబగబా కుంకుమ అద్దుకుంది. ఆ రోజు నుంచి ఆమె బొట్టు పెద్దదవుతూ వచ్చింది, మచ్చ పెరిగేకొద్దీ. శుక్రవారం కోసం ఆగకుండా మధ్యలోనే, ఇంకొంచెం ఇస్తావా తాయీ అని అడిగేది. ఇచ్చేదాన్ని. చాలదేమోనని నేనే పిలిచి ఇచ్చిన రోజులూ ఉన్నాయి.

దాచినా ఎన్నాళ్ళు దాగుతుంది? చెమటకి బొట్టు జారేది. అరవంలో ఆ మచ్చకి జనం వాడే పేరులో కుష్ఠు అనే మాట కూడా కలిసి ఉంది. ఆ మాట సందులో ఒకసారి పుడితే ఇక ఆగదు. గుడికి పోయేవాళ్ళు ఆమె చేతి పూలు కొనడం తగ్గించారు. తల్లులు ఆమె బుట్ట దాటి పక్క వీధికి పోయి కొనుక్కుని, మళ్ళీ ఆమె ముందునుంచే జడలో పూలతో నడిచి వెళ్ళేవాళ్ళు. సాయంత్రానికి బుట్టలో పూలు మిగిలి గోధుమరంగుకి తిరిగేవి. ఆమె మూర మాత్రం ఇంకా పొడుగైంది. ఒక శుక్రవారం రాలేదు. మరుసటి శుక్రవారమూ రాలేదు. మెట్టు పక్కన ఆమె బుట్ట పెట్టే చోట తడి ఆరిన గుండ్రటి మరక చాలా రోజులు ఉంది.

ఆ తరవాత కొద్ది రోజులకే, మా దగ్గర ఎప్పుడూ కొనే ఒకావిడ కాలేజీ చదివే కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల నుదుటి మీద ఎర్రటి పొక్కులు. చర్మం డాక్టరు చూసి, ఏం కుంకుమ పెట్టుకుంటున్నావు, అది ముందు ఆపు, అందులో కలిపిన రంగుమందు చర్మాన్ని తినేస్తుంది, కొందరికి తెల్లమచ్చలూ పడతాయి అన్నాడట. ఆవిడ గట్టిగా కూడా మాట్లాడలేదు. పొట్లం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ తెల్ల బొట్టు దిద్దినదెవరో అప్పుడు తెలిసింది.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి, డబ్బా మీదున్న చిరునామా పట్టుకుని పోయాను. ఊరి చివర రేకుల షెడ్డు, దానికి ఆనుకుని ఇల్లు. షెడ్డులో నలుగురైదుగురు ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని పొట్లాలు నింపుతున్నారు. మోచేతుల దాకా గులాబిరంగు. గోడవార పిండిబస్తాలు, రంగు డబ్బాలు ఉన్నాయి కానీ పసుపుకొమ్ము ఒక్కటీ లేదు. నేను ఇంటి వాకిట్లోకి పోయి, నోరు ఎండిపోయి ఉండగా, నీళ్ళడిగాను. యజమాని భార్య కాబోలు, మంచి మనిషి, నీళ్ళు కాదని మజ్జిగ తెచ్చింది. ఆమె నుదుటి మీద సన్నటి గంధపు చుక్క ఉంది. మీరు మీ కుంకుమ పెట్టుకోరా అని అడిగాను. ఆమె ఎంతో మామూలుగా, కూర ఎలా వండుతారో చెప్పినట్టు, అరవంలో చెప్పింది: అది అంగళ్ళకి పోయేదమ్మా, మా ఇంట్లో వాడం, ఒంటికి పడదు. మజ్జిగ తాగకుండానే లేచాను. మా అత్తతో చెప్పిన మాట దారి పొడుగునా నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తూ ఉంది.

ఉన్న సరుకంతా అంగడి వెనక కాలువలో పోశాం. అది తప్పని తరవాత తెలిసింది, అప్పుడు బుద్ధి పనిచెయ్యలేదు. మూడు రోజులు ఆ కాలువ ఎర్రగా పారింది. కొన్నవాళ్ళలో గుర్తున్న ప్రతి ఇంటికీ పోయి, పెట్టుకోవద్దని చెప్పి వచ్చాను. కొందరు తిట్టారు, కొందరు కాఫీ ఇచ్చారు. మా ఆయన సర్కారు ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాడు. వాళ్ళు వెళ్ళేసరికి షెడ్డుకి తాళం ఉంది. అదే ఎరుపు ఇంకో పేరుతో, ఇంకో అమ్మవారి బొమ్మతో ఎదుటి సందులో కొన్నాళ్ళకే కనిపించింది.

పూలక్కని వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. కంబం దగ్గర ఒక ద్రాక్షతోటలో, కూతురితో పాటు కూలిపనికి పోతోందని పూలమార్కెట్టులో ఒకామె చెప్పింది. పోయాను. పందిరి కింద తల ఎత్తి, పాడైన కాయల్ని గుత్తుల నుంచి కత్తెరతో తీసేస్తోంది. పమిట నుదుటి మీదికి లాక్కుని ఉంది. నన్ను చూసి కత్తెర పక్కన పెట్టి, ఇంత దూరం వస్తివా తాయీ అని, కూర్చోమని గోనెసంచి పరిచింది. నేను అంతా చెప్పాను, కుంకుమ గురించి, డాక్టరు మాట, ఆ షెడ్డు. మా అత్తకి చెప్పిన అబద్ధం కూడా. ఆమె అడ్డం రాకుండా విన్నది. అయ్యాక ఒక్కటే అడిగింది.

"నువ్వు అదే పెట్టుకొంటివా తాయీ?"

నేను పెట్టుకోలేదు. మా అత్త పూజగదిలో చెక్కపెట్టెలో ముసలాయన కుంకుమ ఇంకా మిగిలి ఉండేది. పొద్దున్నే స్నానం చేసి అందులోంచి పెట్టుకోవడం పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. కొత్తది అనుమానించి మానుకున్నది కాదు, ఒట్టు. అంగడి డబ్బా అంగడిలో ఉండేది, ఇంటి పెట్టె ఇంట్లో ఉండేది, అంతే. ఇదంతా చెప్పాలని నోరు తెరిచాను. ద్రాక్షాకుల సందుల్లోంచి వెలుతురు ఆమె నుదుటి మీద పడుతోంది. "లేదక్కా" అన్నాను.

"సరి" అంది. వచ్చేటప్పుడు కూతురి చేత ఒక గుత్తి కోయించి నా సంచిలో పెట్టించింది.

నాతో ఆస్పత్రికి రావడానికి ఒప్పుకుంది. డాక్టరు అంటుకునే జబ్బు కాదని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఆమె ఎవరికి చూపిస్తుంది? పూలబుట్ట మళ్ళీ పట్టలేదు. మందు రాసుకోగా రాసుకోగా, మచ్చ అంచుల నుంచి చిన్న చిన్న చుక్కలుగా రంగు తిరిగి రావడం మొదలైంది. మూడో ఏటికి, తెలిసినవాళ్ళకి తప్ప కనిపించనంతగా కలిసింది. ఇప్పటికీ ఏడాదికి ఒకసారి పోయి చూసి వస్తాను. విభూది తప్ప ఏమీ పెట్టుకోదు. మాటల్లో పూలు, ధరలు, మనవళ్ళు వస్తారు. ఆ సంగతి ఎత్తదు.

మేము ఇప్పుడు ఆ ముసలాయన కూతురి దగ్గర కుంకుమ కొంటున్నాం. ఆ ఎరుపు చూసి వెనక్కి పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. బస్సులో, పెళ్ళిళ్ళలో, గుడి క్యూలో, ఎదుటి మనిషి కళ్ళకంటే ముందు నుదురు చూడడం నాకు జబ్బులా పట్టుకుంది. కోడలికి ఇదంతా చెప్పాను. "అయితే నువ్వు ఆ యమ్మకి ఇంకా చెప్పలేదా, అలవాటు కొద్దీ పెట్టుకోలేదని?" అని అడిగింది. లేదన్నాను. చెబితే ఆమె నమ్ముతుంది. నాకే నమ్మకం లేదు. అలవాటేనా, లేక చేతికి ముందే తెలుసా అన్నది పదిహేనేళ్ళుగా ప్రతి పొద్దునా అద్దం ముందు నిలబడి అడుగుతూనే ఉన్నాను. కాలం ఆమె నుదుటికి రంగు తిరిగి తెచ్చింది. నా చేతికి ఏం తెలుసో ఆ జవాబును మాత్రం, రోజులు గడిచేకొద్దీ, ఇంకా దూరంగా తీసుకుపోతోంది.