దగ్గర ఎవరున్నారు?

మా పక్కింటి ఆంటీ పోయిందని కార్క్ నుంచి ఆమె మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నేను మేడ మీద చిన్న గదిలో ఉన్నాను. నాకు కరోనా పాజిటివ్ వచ్చి అప్పటికి ఐదో రోజు. కింద మా ఆయన చారుకి పోపు పెడుతున్నాడు. వాసన తెలియలేదు, చిటపటలు మాత్రం వినిపించాయి. "పొద్దున్నే, హాస్పిటల్లో" అంది ఆ అమ్మాయి. "సరేనమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేసి, సగంలో ఆపిన దుప్పటి మడత పూర్తిచేశాను. నాకేమీ అనిపించలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆవిడ గురించి అబద్ధం రాస్తే ఆవిడే ఒప్పుకోదు.

ఐర్లండ్‌లో మేముండే టాలట్‌లో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. పదకొండేళ్ళు ఆ గోడకి ఇటు మేము, అటు ఆమె. మేము వచ్చిన మొదటి వారమే తన పేరు చెప్పి, పేరు పెట్టి పిలవమంది. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మా గుంటూరు వైపు అలా పిలిస్తే మూతి పగలగొడతారు. ఆంటీ అన్నాను. "నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యాను?" అని నవ్వింది. ఆ తర్వాత పోస్ట్‌మ్యాన్‌తో కూడా "ఆంటీ అని పిలువు, నాకు నచ్చింది" అందట. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే అయినా ఆమె మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి. అలాగే రాస్తున్నాను.

ఆమెకి పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఒక కాపీబుక్ ఉండేది. స్కూలు పిల్లలు రాసుకునే రకం. వంటింటి ప్రెస్‌లో, అంటే మన అల్మరాలో, పంచదార డబ్బా వెనక దాచేది. అందులో ఆమె రాస్తున్నది వాళ్ళ అమ్మమ్మ అక్క కథ. ఆ అక్క పదిహేడో ఏట ఇక్కడి మేయో జిల్లా నుంచి ఓడెక్కి అమెరికా వెళ్ళింది. బోస్టన్‌లో పనిమనిషిగా చేసి, రైలు పట్టాలు వేసే ఒకతన్ని కట్టుకుని, నెబ్రాస్కా మైదానాలకి పోయింది. గవర్నమెంటు ఇచ్చిన బీడులో గడ్డి మట్టిపెళ్ళలు కోసి ఇల్లు కట్టుకున్నారు. పప్పులో పైకప్పు నుంచి పాము పడితే పామును తీసేసి పప్పు తిన్నామని ఉత్తరం రాసింది. పప్పు అంటే బీన్స్‌లెండి, నాకు పప్పుగానే గుర్తుంది. మొత్తం ఆరు ఉత్తరాలు. ఏడోది రాలేదు.

"గొప్ప మనిషేం కాదు" అనేది ఆంటీ. "కోళ్ళు పెంచింది, పిల్లల్ని కన్నది, చలికి తిట్టుకుంది. అందుకే రాయాలి. గొప్పవాళ్ళని ఎవరో ఒకరు రాస్తారు."

ఆమె కాపీబుక్‌లో ప్రతి మనిషికీ ఒక పేజీ. పుట్టుక, పెళ్ళి, చావు, చివర ఒక గడి: దగ్గర ఎవరున్నారు. ఖాయంగా తెలిస్తే పెన్నుతో, విన్న మాటైతే పెన్సిల్‌తో రాసేది. ఈ నియమం ఎన్నడూ తప్పలేదు. వాళ్ళ ఊళ్ళో చావంటే ఇంట్లో మనిషిని పడుకోబెట్టి, ఊరంతా వచ్చి కూర్చుని, టీలు తాగుతూ కబుర్లు చెప్పుకునేవారట. అమెరికా వెళ్ళేవాళ్ళకి బతికుండగానే అలా కూర్చునేవారట, మళ్ళీ చూడరు కాబట్టి. అక్కకీ కూర్చున్నారు. వాళ్ళ అమ్మమ్మ ముసలితనంలో కూడా అదే అడిగేదట, పోయేటప్పుడు అక్క దగ్గర ఎవరున్నారో అని. ఆ గడి ఖాళీ. అది నింపకుండా తను పోకూడదని ఆంటీ పట్టుదల.

ఒకసారి చూస్తే ఆ అక్క పేజీలో, పిల్లల పేర్లలో నోరా అని రెండుసార్లు ఉంది. మొదటిదాన్ని ఆంటీ కొట్టేసింది. ఒకే పిల్లని రెండుసార్లు రాసుంటారని ఆమె అనుకుంది.

"కాదాంటీ, మొదటి పిల్ల పోయుంటుంది. ఆ పేరే తర్వాతి పిల్లకి పెట్టుకున్నారు" అన్నాను.

"నీకెలా తెలుసు?"

మా నాయనమ్మ పేరు పెంటమ్మ. ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే, ఈమెని పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారు. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని చావు వదిలేస్తుందని. ఇదంతా చెప్పాను.

ఆంటీ టీ కప్పు కింద పెట్టింది. "పనిచేసిందా?"

"తొంభై ఏళ్ళు బతికింది. అందర్నీ తిట్టిపోసింది."

ఆమె పగలబడి నవ్వి, కొట్టేసిన నోరాని పెన్సిల్‌తో మళ్ళీ రాసింది. అప్పట్నుంచీ నన్ను చూసినప్పుడల్లా "పెంటమ్మ మనవరాలు వచ్చిందా" అనేది. ఐరిష్ నోట ఆ పేరు పలకడం చూడాలి, మా ఆయన కడుపు పట్టుకుని నవ్వేవాడు.

తర్వాత కరోనా. నేను నర్సింగ్ హోమ్‌లో నర్సుని. ఎందరి చెవుల దగ్గరో ఫోన్ పట్టుకున్నాను, అవతల పిల్లలు ఏడుస్తుంటే. ఎందరివో చేతులు పట్టుకున్నాను. ఇంటికి వచ్చి స్నానం చేసి, పెరటి గోడ మీద గిన్నెలో సాంబారు పెట్టి పక్కకి జరిగేదాన్ని. "ఐ యామ్ గ్రాండ్, నేను బాగానే ఉన్నాను, నువ్వు పడుకో" అనేది. ఆ వేసవిలోనే, గోడకి ఇటొక కుర్చీ అటొక కుర్చీ వేసుకున్న ఒక సాయంత్రం, ఆంటీ నా చేత రాయించిన మెయిల్‌కి నెబ్రాస్కాలో ఒక లైబ్రరీ ఆవిడ నుంచి జవాబు వచ్చింది. ఆంటీకి కళ్ళు సరిగ్గా ఆనవు. నా ఫోన్‌లో నేనే చదివాను.

అక్క భర్త అప్పటికే పోయాడు, నోరా టౌన్లో పనిలో ఉంది. మంచు తుఫాను నెల. పొరుగున ఒక జర్మన్ ఆవిడ, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అక్కకి బాగా లేదని తెలిసి రొట్టె, పొడిబట్టలు మూటగట్టుకుని బయల్దేరింది. మంచు దారి ఇవ్వలేదు. నాలుగు రోజులకి చేరింది. అప్పటికే అయిపోయింది. తనే కడిగి, బట్టలు మార్చి, ఇంటి వెనక మిట్ట మీద పూడ్పించింది. ఆవిడ కొడుకు ముసలితనంలో చెప్పుకున్న సంగతి ఇది. తల్లి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆంటీ కాపీబుక్ తెచ్చి గోడ మీద నా వైపు జరిపింది. "రాయి" అంది. "దగ్గర ఉన్నది: పొరుగావిడ. పెన్నుతో."

"కానీ ఆవిడ లేదు కదాంటీ. నాలుగు రోజులకి వచ్చింది."

"బయల్దేరింది కదా. దారిలో ఉంది. దారిలో ఉన్నవాళ్ళు వచ్చినవాళ్ళే."

రాశాను. ఆమె కళ్ళు తుడుచుకుని, సాంబారులో ఉప్పు ఎక్కువైందని చెప్పింది.

జనవరిలో నాకు ముందొచ్చిందో, ఆమెకి ముందొచ్చిందో తెలియదు. క్రిస్మస్ కేకు ఇవ్వడానికి గుమ్మం దాకా వెళ్ళాను, మాస్కుతోనే. నా వల్లే అంటిందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు లేరు. అంబులెన్స్ వచ్చినప్పుడు కిటికీలోంచి చూశాను. ఆమె పైకి చూసిందో లేదో తెలియలేదు.

అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. ప్రార్థన ఫోన్‌లో చూశాను, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. అంతకుముందు చర్చికి తీసుకెళ్తూ శవపేటిక ఉన్న కారుని మా రోడ్డు మీదుగా నడిపించారు. అందరూ తమ తమ గేట్ల దగ్గర నిలబడ్డారు. ఆమె ఇంటి ముందు కారు ఆగింది. మా అమ్మాయి స్కూలు కోటు వేసుకుని గేటు దగ్గరకి వెళ్ళి, పెదాలు కదిపింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఏడుపు రాలేదు. ఏడాదిగా ఇంతమందిని చూసి అది ఎండిపోయిందేమో.

అమ్మాయి పైకొచ్చి తలుపు అవతల నిలబడింది. తెలుగు అర్థమవుతుంది, ఇంగ్లీషులోనే బదులిస్తుంది. "ఐ టోల్డ్ హర్ యూ వర్ అప్‌స్టెయర్స్, మా" అంది.

ఐసొలేషన్ అయ్యాక, మేనకోడలు చెబితే మా దగ్గరున్న తాళంచెవి తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. లాక్‌డౌన్ వల్ల కార్క్ నుంచి రావడానికి ఆమెకి ఇంకా అనుమతి లేదు. పంచదార డబ్బా వెనక కాపీబుక్ అలాగే ఉంది. చివరి పేజీ ఆంటీది. పేరు, పుట్టుక ఆమె దస్తూరీలోనే, పెన్నుతో. చావు దగ్గర ఖాళీ. దగ్గర ఎవరున్నారు అన్నచోట పెన్సిల్‌తో, వంకర అక్షరాలతో: పక్కింటి అమ్మాయి.

నాకు నలభై ఆరు. ఆమెకి నేనింకా అమ్మాయినే.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను దగ్గర లేను. ఆ జర్మన్ ఆవిడలా దారిలో కూడా లేను. అది నాకు మొదటిసారి అప్పుడు తెలిసింది. చెరిపేద్దామని రబ్బరు వెతికాను. డ్రాయర్లో దొరికింది కూడా.

ముందు మేనకోడలికి ఫోన్ చేశాను. "చివర్లో ఎవరున్నారో తెలుసా అమ్మా?"

"ఒక నర్సు ఉందట. చెయ్యి పట్టుకుందట. పేరు అడగడం మర్చిపోయాను, సారీ."

ఆ గడిలో పెన్నుతో రాశాను: ఒక నర్సు. అది ఖాయం. రబ్బరు తీసిన చోటే పెట్టేశాను. పెన్సిల్ అక్షరాల పక్కన, ఆ పుస్తకంలోని వాళ్ళెవరూ చదవలేని తెలుగులో, ఖాయంగా తెలిసిన మాటే పెన్నుతో రాశాను: మేడ మీద ఉంది. కిటికీ దగ్గర.

సిరా ఆరేదాకా పేజీ మూయకుండా పట్టుకున్నాను. గోడ అవతల మా ఇంట్లో ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. పదకొండేళ్ళు ఆమెకి మేము ఇలాగే వినిపించి ఉంటాం.