ఆయన గీసిన అంచులు

పోయిన మంగళవారం పొద్దున పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. "మా మామ పోయినాడమ్మా. నీ నంబరు గోడమీద పెద్దగా రాసుకోనుండాడు" అన్నాడు ఒకతను. ఆ నంబరుకు ఆయన ఒక్కసారీ ఫోన్ చేయలేదు. కుప్పంలో మా ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసిన ఆయన పేరు మీకెవరికీ తెలియదు. మా పరిశోధన పత్రాల్లో ఎక్కడా లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మదనపల్లె నుంచి వెళ్లి అక్కడ చేరాను. ఎలుకల మెదడులో కణితి ఎంతమేర పాకిందో కంప్యూటర్‌కు కొలవడం నేర్పడం నా పని. పలచగా కోసిన మెదడు ముక్కల ఫోటోల మీద ఆయన పదేళ్లుగా కణితి అంచులు గీస్తున్నారు. ఆ పాత గీతలే కంప్యూటర్‌కు పాఠాలయ్యాయి. భార్య పోయాక ఆయన కుప్పంలో ఒక్కరే గది తీసుకుని ఉండేవారు. మధ్యాహ్నం గోడవైపు తిరిగి తినేవారు. నేను పక్కన కూర్చున్న రోజు ఊరిబిండి పచ్చడి నా డబ్బాలో వేసేవారు.

అంత నెమ్మదిగా ఎందుకు గీస్తారని అడిగితే, "ఆ ఎలక మనకోసరం ప్రాణమిచ్చిండాది. కొలతన్నా సరిగ్గా రాయల్ల గదమ్మా" అన్నారు.

ఒకరోజు కంప్యూటర్ గీత ఆయన గీతను దాటి చాలా బయటికి పోయింది. కంప్యూటరే తప్పిందనుకుని దిద్దబోయాను.

"ఉండమ్మా." ఫోటోను కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. "అది తప్పు కాదు. ఆడ కణాలుండాయి. నాకే కనబడలా."

చక్కెర జబ్బు ఆయన చూపును తినేస్తోందని మాకు తెలియదు. మేం ఎలుకలపై పరీక్షిస్తున్న కణితి మందు బాగా పనిచేసిందని నివేదిక పంపబోతున్న వారమది. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్లారు. "ఈ ఏడు నేను గీసినవన్నీ మళ్లీ కొలిపించండి సార్. నా కండ్లు బాగలేవు."

మళ్లీ కొలిస్తే కణితులు ఆయన గీసినవాటికంటే పెద్దవని, మందు మేం అనుకున్నంత పనిచేయలేదని తేలింది. నివేదిక ఆగింది. ఆయన ఉద్యోగమూ అంతటితో అయిపోయింది.

మరుసటి ఏడు ఆయన సొంతూరు పుంగనూరు వెళ్లాను.

"మిషన్ బాగా గీస్తాండాదా?"

"మీరు నేర్పిందే కదా సార్."

"అయితే యాల ఒచ్చినావమ్మా? ఏమన్నా అడగల్లా?"

"ఊరికే, మిమ్మల్ని చూద్దామని."

ఆయన నమ్మినట్టు లేదు. రెండో కుర్చీ నిండా పేరుకున్న పాత పేపర్లు దించి, తువ్వాలుతో దుమ్ము తుడిచారు. సాయంత్రం దాకా కూర్చున్నాం. లేచేముందు నా ఫోన్ నంబరు ఇచ్చాను.

బస్సు ఎక్కించడానికి ఆయనా వచ్చారు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. మా బస్సు కదిలింది. ఆయన మాత్రం, పక్కనే ఆగివున్న పలమనేరు బస్సు వైపు తిరిగి, ఎవరూ లేని కిటికీకి చెయ్యి ఊపుతూ నిలబడ్డారు.