ఆకుపచ్చ లైటు వెలిగే ఛార్జర్‌తో శాలిబండ దాకా

ముందే చెప్పుకుంటాను, నాకు రాయడం సరిగా రాదు. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులు కనబడితే నవ్వుకోండి కానీ చదవడం మాత్రం ఆపకండి. ప్రయాణం అంటే అందరూ కాశీ గురించి, తిరుపతి గురించి రాస్తారు. నాది ఛత్రినాక నుంచి శాలిబండకు, అక్కడి నుంచి జహనుమాకు. ఊరు కూడా దాటలేదు. ఛార్జర్ చెడిపోయిందని ఎవరైనా ఇదే దారిలో బయలుదేరితే పనికొస్తుందని రాస్తున్నాను.

నా భర్త నర్సింలుకు చిన్నప్పటి నుంచి కాళ్లు పనిచేయవు. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి మీద శాలిబండ వెళ్లి, బండి దిగకుండానే దస్తీలు, అంటే చేతిరుమాళ్లు, నాడాలు, ఎలాస్టిక్ అమ్ముతాడు. కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. అందుకే ఆయనకు బండే కాళ్లు, బండే దుకాణం.

బోనాల ఆదివారం రాత్రి మా గల్లీలో కరెంటు పోయింది. అమ్మవారి ముందు చీకటి ఉండకూడదని నర్సింలే బండి ఇచ్చాడు. గల్లీ వాళ్లు లైట్ల పట్టీలు తెచ్చి, బండికున్న రెండు బ్యాటరీల్లో ఒకదానికి కట్టారు. తెల్లవారే దాకా వెలిగాయి. చాలా బాగున్నాయని అందరూ అన్నారు. సోమవారం ఛార్జింగ్ పెడితే వెంటనే ఆకుపచ్చ లైటు వచ్చింది. ఆకుపచ్చ అంటే నిండినట్టు అని మాకు తెలుసు. ఇంత తొందరగా ఎలా నిండిందని ఇద్దరం అడగలేదు. అమ్మవారి దయ అనుకున్నాం. మంగళవారం తాళం తిప్పితే హారన్ కూడా మోగలేదు.

ప్లగ్గు మార్చి చూశాం. పక్కింట్లో పెట్టి చూశాం. ఎక్కడ పెట్టినా అదే ఆకుపచ్చ. ఛార్జర్ లోపలి ఫ్యాను తిరగడం లేదు.

శాలిబండలో రోడ్డు పక్క వరుసగా కూర్చుని అమ్మేవాళ్ల మధ్య ఒక మాట ఉంది. జుమ్మా నాడు, అంటే శుక్రవారం, ఖాళీగా ఉన్న జాగా ఎవరు కూర్చుంటే వాళ్లది. నమాజ్ తర్వాత బేరం బాగా ఉండే రోజు అది, ఆ రోజు రాని మనిషి ఇక రాడని లెక్క. బుధవారం రాత్రి నర్సింలు అన్నం సగంలో వదిలేసి, "ఎల్లుండే జుమ్మా" అన్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఛార్జర్‌ను పాత తువాలులో చుట్టి బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే. పక్కన కూర్చున్నామె మూట తడిమి చూసింది.

"ఏందక్కా, కుక్కరా?"

"ఛార్జర్."

"గంత పెద్ద ఫోనా మీది?"

ముందు సీటు వాళ్లు కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

శాలిబండలో దిగి లోపలి గల్లీలో రషీద్ భాయ్ దుకాణానికి వెళ్లాను. మోటార్లు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఛార్జర్ విప్పి ఫ్యూజు చూశాడు, వైర్లు లాగి చూశాడు. తర్వాత మూలన ఉన్న తన బ్యాటరీలు రెండు కలిపి దానికి తగిలించాడు. ఎర్ర లైటు వచ్చింది. ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు ఫ్యాను గుర్రుమని తిరిగింది.

"ఛార్జర్ బిల్కుల్ ఠీక్ ఉందమ్మా. మీ బ్యాటరీలేవి?"

"ఇంట్ల ఉన్నయి."

"పేషెంటుని ఇంట్ల పండవెట్టి, చీటీ ఒక్కటి దవాఖానకు తెచ్చినట్టుంది నీ పని."

నాకు ఏడుపొచ్చింది. ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నాడు. బ్యాటరీ మరీ కిందికి పడిపోతే ఈ రకం ఛార్జరు దాన్ని గుర్తుపట్టదట. ఎదురుగా ఏమీ లేదనుకుని ఆకుపచ్చ చూపిస్తుందట. నేను బోనాల లైట్ల సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"ఒక్కదానికే కట్టిన్రా? గదే సచ్చిపడ్డది. జహనుమాల సత్తయ్య దగ్గర పాత రకం ఛార్జర్ ఉంది. దానికి గుర్తు గిర్తు ఏం లేదు, ఏది తగిలిస్తే దాంట్లకు కరెంటు నూకుతది. గాడికి పో."

పైసలు తీసుకోలేదు. తిరిగి వస్తూ నర్సింలు జాగా వైపు వెళ్లాను. అది ఎప్పుడూ మూసి ఉండే ఒక షట్టరు ముందు ఉంటుంది. పక్కన ఫోన్ కవర్లు అమ్మే ఇమ్రాన్ గొడుగు కొంచెం ఇటు జరిగి ఉంది.

"అన్నకు మంచిగ లేదా అక్కా? రేపు జుమ్మా, యాదుంది కదా?"

"బండి ఖరాబైంది. వస్తడు."

"వస్తే మంచిదే. మా తమ్ముడు గూడ జాగ దేవులాడుతుండు."

బెదిరించినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు.

ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా రెండు బ్యాటరీలూ విప్పించి ఆటోలో జహనుమాకు తీసుకెళ్లాను. ఒక్కోటి ఎత్తుతుంటే నడుము పట్టేసింది. సత్తయ్య పెద్దాయన, మాట తక్కువ. మీటరు పెట్టి ఒకదాన్ని చూసి తలూపాడు, రెండోదాన్ని చూసి పెదవి విరిచాడు.

"బాపూ, రేపు పగటాల్లకు, నమాజ్‌కు ముందే అయితదా?"

"బ్యాటరీనడుగు, నన్నడుగుతవేంది."

రెండూ అక్కడే వదిలి వచ్చాను. ఆ రాత్రి నర్సింలు బండి సీటు తుడిచాడు, అద్దం తుడిచాడు, హారన్ తుడిచాడు. లోపల బ్యాటరీలు లేని బండి అది.

శుక్రవారం పొద్దున మళ్లీ జహనుమాకు వెళ్లాను. ఒకటి లేచింది. లైట్లు కట్టినది ఇంకా లేవలేదు. "పొద్దూకాల రా" అన్నాడు సత్తయ్య. పొద్దూకే దాకా ఆగితే జాగా పోతుంది. నేను బ్యాటరీల కోసం వచ్చేటప్పుడే దస్తీల సంచి వెంట తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చానో అప్పుడు నాకే తెలియదు. అక్కడి నుంచి అటే శాలిబండ బస్సు ఎక్కేశాను.

వెళ్లేసరికి షట్టరు ముందు ఇమ్రాన్ తమ్ముడి బల్ల వేసి ఉంది.

"ఇది నర్సింలు జాగ" అన్నాను.

"అన్నేడి?" అన్నాడు ఇమ్రాన్.

"నేనొచ్చిన కదా."

వరుసలో గాజులమ్మే ముసలామె అందుకుంది. "ఇంటామె వస్తే ఆయన వచ్చినట్టే ఇమ్రాన్. జుమ్మా నాడు లొల్లి వెట్టకు."

ఇమ్రాన్ ఒప్పుకున్నాడు. "సరే, కూసో అక్కా. నిన్ను లేవమంటలేను." తమ్ముడి బల్లను పక్కకు జరిపాడు. నేను గోడకు ఆనుకుని, కాళ్లు దగ్గరికి ముడుచుకుని, దస్తీలు ఒడి ముందు పరిచి కూర్చున్నాను. మొగవాళ్ల మధ్య కూర్చోవడం అదే మొదలు. సిగ్గుతో ఇంకా ముడుచుకున్నాను. నేను ఎంత ముడుచుకుంటే బల్ల అంత దగ్గరికి వచ్చింది.

నమాజ్ అయింది, జనం వచ్చారు. దస్తీలు కొన్ని అమ్ముడుపోయాయి. నర్సింలు ఏడని ముగ్గురు అడిగారు. పొద్దు వాలుతుండగా నేను లేచి ఇమ్రాన్‌ను అడిగాను. "రేపు ఆయన వస్తడు. జాగ ఉన్నట్టేనా?"

"జబాన్ ఇస్తున్న అక్కా, మాటంటే మాటే. నువ్వు కూసున్న జాగ నీదే. దాంట్లకు ఎవ్వడు రాడు."

అప్పుడు చూసుకున్నాను. నేను కూర్చున్న జాగా నా మోకాళ్లంత వెడల్పు ఉంది. ఒక పక్క బల్ల, ఇంకో పక్క గాజుల తట్ట. మూడు చక్రాల బండి అందులో పట్టదు.

"బండికి ఇంకింత గావాలె కదా" అన్నాను.

"ఇయ్యాల బండేది అక్కా? జుమ్మా నాడు ఎంతల కూసుంటే అంతే." ఈసారి ముసలామె కూడా గాజులు సర్దుకుంటూ తల తిప్పుకుంది. అది వాళ్ల మాట, నాకూ తెలిసిన మాటే. సంచీలోని దస్తీలన్నీ వెడల్పుగా పరచుకుని, కాళ్లు చాపుకుని కూర్చోవలసింది.

చీకటి పడే వేళకు జహనుమా చేరాను. రెండోది కూడా లేచింది. "మునుపటి లెక్క ఉండదు, మెల్లగ వాడుకోండ్రి" అన్నాడు సత్తయ్య. ఇంటికి వెళ్లే ఆటోలో బ్యాటరీలు నా కాళ్ల దగ్గర ఉన్నాయి. దారి పొడుగునా చెయ్యి చాపి ఆటో సీటు కొలుస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు కొలిచినా ఆ జాగా పెరగలేదు. రెండు రోజులు తిరిగితే ఛార్జర్ బాగుందని తేలింది, బ్యాటరీలు లేచాయి, జాగా కూడా నిలిచింది. ఏదీ పోలేదు. అయినా ఖాళీ చేతులతో వస్తున్నట్టే అనిపించింది.

బ్యాటరీలు బిగించి ఛార్జర్ పెట్టగానే ఎర్ర లైటు వచ్చింది. నర్సింలు ఛార్జర్ మీద చెయ్యి పెట్టి ఫ్యాను తిరగడం చూసుకున్నాడు.

"గుర్తువట్టింది" అని నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత నవ్వాడు. "జాగ ఎట్లున్నది?"

"ఉన్నది" అన్నాను.

ఇప్పుడు ఆయన పడుకున్నాడు. ఛార్జర్ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఎర్ర లైటు ఆకుపచ్చగా మారేలోపు ఆయనకు మిగతా మాట కూడా చెప్పాలి. మీరు ఛార్జర్ పట్టుకుని బయలుదేరితే బ్యాటరీలు కూడా తీసుకెళ్లండి. ఎవరి జాగాలోనైనా కూర్చోవలసి వస్తే వాళ్లకు ఎంత కావాలో అంత కూర్చోండి. అక్షరాల్లో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి, నాకు చేతనైనంతే రాశాను.