బోనులో సాక్ష్యం

మా నాయినను ఎవరు "ఎట్లున్నవ్?" అని అడిగినా ఒకటే జవాబు: "దేవుని కృపవల్ల మంచిగున్న." ఎల్‌బీ నగర్‌లో మేం వెళ్లే చిన్న చర్చిలో అందరూ అలాగే అంటారు. బాగాలేదంటే విశ్వాసం లేనట్టు లెక్క. ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ కింద నాయిన రెండు చేతులూ నలిగాయి. వేళ్లు మిగిలాయి గానీ పట్టు పోయింది. అయినా ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ప్రాణం దక్కినందుకు సాక్ష్యం చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పింఛను కోసం వెళ్తే మెడికల్ బోర్డులో డాక్టరు తలెత్తకుండానే అడిగాడట, "ఏమయ్యా, ఎలా ఉంది?" అని.

"మంచిగున్న సార్."

"నీ పనులు నువ్వే చేసుకుంటున్నావా?"

"దేవుని దయ, అన్ని నడుస్తున్నయ్ సార్."

ఆ మర్యాద మాటలే డాక్టరు రిపోర్టులో ఇంగ్లీషులోకి ఎక్కాయి. వైకల్య పింఛను ఇవ్వడం కుదరదని కాగితం వచ్చింది. అమ్మ బట్టలు కుట్టిన డబ్బులు ఇంటి కిరాయికి సరిపోయేవి, కడుపులకు కాదు. పింఛను రాకపోతే నా చదువు మాట అటుంచి, తిండికే గతి లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండే గుంటూరు వకీలు మా తరఫున కోర్టుకెళ్లాడు. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. ఒక వాయిదా బందులో పోయింది, ఇంకోటి రాస్తారోకోలో. "మీవాళ్లే మూయించారమ్మా, నన్నేం చెయ్యమంటావ్?" అని వకీలు వెక్కిరించేవాడు. జై తెలంగాణ అని గొంతు చించుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

కోర్టు మళ్లీ తెరిచాక వకీలు నాయినను పిలిపించాడు. "రేపు మీరు సాక్ష్యం చెప్పాలండీ."

నాయిన ముఖం వికసించింది. "చెప్త సార్. దేవుడు నన్నెట్ల కాపాడిండో..."

"అయ్యబాబోయ్, అది కాదండీ! మీరేం చేసుకోలేకపోతున్నారో చెప్పాలి. దేవుడి మాట ఎత్తారో, కేసు గోవిందా!"

మర్నాడు నాయిన బోనెక్కాడు. అమ్మా నేనూ వెనక బెంచీలో కూర్చున్నాం. వకీలు ఒక్కొక్కటే అడిగాడు.

"అన్నం ఎవరు తినిపిస్తారు?"

"నా భార్య."

"స్నానం?"

"ఆమెనే."

అంతవరకూ నాకు తెలుసు. మిగతావి మా ఇంట్లో తలుపు వేసుకుని జరిగేవి.

"బాత్రూముకు వెళ్లాలంటే ప్యాంటు గుండీ ఎవరు విప్పుతారు?"

నాయిన నా వైపు చూశాడు. "ఆమెనే."

"ఆమె ఇంట్లో లేకపోతే?"

జడ్జిగారు గట్టిగా చెప్పమన్నారు.

"బట్టలల్లనే అయితది సార్," అన్నాడు నాయిన. "ఆమె వచ్చేదాక గట్లనే నిలబడ్త. కూసుంటే మంచం ఖరాబైతదని."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ బెంచీ మీద నుంచి లేచి పారిపోవాలనిపించింది నాకు.

బయటికొచ్చాక నేను నాయిన భుజం మీద చెయ్యి వేయబోతే పక్కకు జరిగాడు. బస్సు మూసారాంబాగ్ దాటాక, నేను ముందు సీట్లో ఉన్నాను, వెనక నుంచి నాయిన అమ్మతో మెల్లగా అనడం వినిపించింది: "బిడ్డ ముందట చెప్పిచ్చిన్రు గదనే."

తీర్పు మావైపే వచ్చింది. పింఛనూ వచ్చింది, నా చదువూ సాగింది. నాయిన మాత్రం బతికినన్నాళ్లూ మళ్లీ నా కళ్లలోకి చూసి మాట్లాడలేదు.